'యూజూరియస్' అంటే ఎంత? రిజర్వు బ్యాంకు గవర్నరు గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన గవర్నరు గారికి,

తెలుగు పల్లెల్లో 'నోటు' అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి జేబులో ఉండేది. దాని మీద మీ పదవిలో ఉన్నవారి సంతకం ఉంటుంది, ఇంత సొమ్ము చెల్లిస్తానన్న హామీ ఉంటుంది. రెండోది వడ్డీ వ్యాపారి బీరువాలో ఉండేది. దాని మీద రెవెన్యూ స్టాంపు, ఆ స్టాంపు మీద అప్పు తీసుకున్న మనిషి సంతకమో వేలిముద్రో ఉంటుంది. 'ఫలానావాడు నోటు రాసిచ్చాడు' అంటే ఎవరూ మొదటి నోటనుకోరు. రెండు కాగితాలూ చెప్పేది ఒకటే: అడిగినప్పుడు ఇస్తాను. కాకపోతే మొదటి నోటు మీద సంతకం చేసినవారి తలుపు ఎవరూ పొద్దున్నే వచ్చి తట్టరు.

ఈ లేఖ ఆ రెండో నోటు గురించి, దాని గురించి మీ నిబంధనల్లో దొర్లిన ఒక మాట గురించి.

2022 మార్చిలో రిజర్వు బ్యాంకు సూక్ష్మరుణాలకు కొత్త నిబంధనలు ప్రకటించింది. ఏప్రిల్ 1 నుంచి అవి అమల్లోకి వచ్చాయి. ఏడాదికి 3 లక్షల రూపాయల లోపు రాబడి ఉన్న కుటుంబానికి తాకట్టు లేకుండా ఇచ్చే అప్పు సూక్ష్మరుణం. ఆ కుటుంబం నెలనెలా కట్టే వాయిదాలన్నీ కలిపి రాబడిలో సగానికి మించకూడదు. ముందుగా తీర్చేస్తే జరిమానా వేయకూడదు. ఇవన్నీ మంచి నియమాలే. వడ్డీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం పాత పరిమితులు ఎత్తేసి, ధర నిర్ణయాన్ని అప్పులిచ్చే సంస్థల బోర్డులకే వదిలిపెట్టారు. ఒక్క షరతు పెట్టారు: వడ్డీలు, రుసుములు 'యూజూరియస్'గా, అంటే ఇంచుమించు దోపిడీగా, ఉండరాదు. ఎంత దాటితే అలా అవుతుందో నిబంధనలు చెప్పలేదు. 2024 అక్టోబరులో నాలుగు సంస్థల చేత కొత్త అప్పులు ఆపించినప్పుడూ అదే మాట వినిపించింది. కొద్ది నెలల్లోనే ఆ ఆంక్షలు ఎత్తేశారు. మాటకు అర్థం మాత్రం ఇప్పటికీ రాలేదు.

తెలుగులో ఈ మాటకు సరైన జోడీ లేదు. వడ్డీ అంటే వడ్డీయే. బ్యాంకు తీసుకున్నా వడ్డీయే, కూరగాయల బండి దగ్గర సాయంత్రం వసూలు చేసుకునే డైలీ ఫైనాన్స్ వాడు తీసుకున్నా వడ్డీయే. ఆ బండి లెక్క ఒకసారి చూడండి: పదివేల అప్పుకు చేతికిచ్చేది 8,500, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. అసలు రోజురోజుకూ తరిగిపోతున్నదన్న సంగతి లెక్కలోకి తీసుకుంటే ఇది ఏడాదికి నూరు శాతం దాటిపోతుంది. అయినా 'నూటికి పదిహేను' అంటే వినడానికి ఎంత మర్యాదగా ఉంటుంది! పాతతరం వాళ్లు మాత్రం 'ధర్మవడ్డీ' అనేవారు. ధర్మం కాని వడ్డీ కూడా ఒకటి ఉందని వాళ్లకు తెలుసన్నమాట.

ఆ గీత ఎక్కడ గీయాలన్నదాని మీద క్రైస్తవ ఆలోచనాపరులు పదిహేను వందల ఏళ్లకు పైగా తలలు పట్టుకున్నారు. లౌకిక దేశపు కేంద్ర బ్యాంకుకు వాళ్లతో పనేమిటని ఎవరైనా అడగవచ్చు. మీరు వాడిన మాట వాళ్ల వాదాల్లో నలిగి వచ్చింది, అది మొదటి సంగతి. మన ఊళ్లలోని పరపతి సంఘాల వేరు కూడా అక్కడే ఉంది. అది మద్రాసు మీదుగా వచ్చింది. ఆ కథ తరవాత.

ముందు యెరూషలేము కథ. క్రీస్తు పూర్వం ఐదో శతాబ్దంలో, పారసీక చక్రవర్తుల ఏలుబడిలో, నెహెమ్యా అనే అధికారి కూలిపోయిన ఆ నగర ప్రాకారాన్ని కట్టిస్తున్నాడు. పని మధ్యలో జనం, ఆడవాళ్లతో సహా, గోల పెట్టారు. ధాన్యం కోసం పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్లు కుదువ పెట్టామన్నారు. రాజుకు పన్ను కట్టడానికి అప్పు చేశామన్నారు. కూతుళ్లు దాసీలుగా పోయారన్నారు. అప్పులిచ్చిందెవరు? పరాయివాళ్లు కారు, సాటి యూదు పెద్దలే. నెహెమ్యా సభ పిలిచి, పొలాలూ ఇళ్లూ తిరిగి ఇప్పించి, తీసుకున్న నూరో వంతును కూడా వాపసు చేయించాడు. నూరో వంతంటే నెలకని వ్యాఖ్యాతలు చెబుతారు. మన లెక్కలో నూటికి రూపాయి.

నూటికి రూపాయి! ఇవాళ ఆ వడ్డీకి అప్పు పుడితే తెలుగు రైతు ఇచ్చినవాడికి దండం పెడతాడు. పల్లెలో రెండు మామూలు, మూడంటే ఎవరూ ఆశ్చర్యపోరు. మరి నెహెమ్యాకు అంత కోపం ఎందుకొచ్చింది? అంకె చూసి కాదు. గుమ్మం ముందు నిలబడ్డవాళ్లను చూసి. కరువుకూ పన్నుకూ చేసిన అప్పు మీద లాభం తీశారన్నది అతని అభ్యంతరం. హీబ్రూలో వడ్డీకి ఉన్న ఒక మాట 'నెషెక్'. దాని ధాతువుకు అర్థం 'కరవడం'.

అదే అంకె రోమన్ చట్టంలోనూ ఉంది: నెలకు నూరో వంతు, ఏడాదికి 12 శాతం. అది చట్టం ఒప్పుకున్న పరిమితి. క్రీ.శ. 325లో నైసియాలో జరిగిన చర్చి మహాసభ, చట్టం ఏమన్నా సరే, మతాచార్యులెవరూ వడ్డీకి అప్పులివ్వకూడదని తీర్మానించింది. వడ్డీకిస్తే పదవి ఊడుతుంది. 1179 నాటికి రోమ్‌లోని మూడో లాటరన్ సభ పేరుపడ్డ వడ్డీ వ్యాపారులకు క్రైస్తవ ఖననం కూడా లేదనేసింది.

ఈ నిషేధానికి తర్కం కట్టినవాడు 13వ శతాబ్దపు వేదాంతి తోమా అక్వినాస్. ఆయన వాదంలో సగం ఇవాళ నిలబడదు. డబ్బు ద్రాక్షారసంలాంటిది, వాడితే ఖర్చయిపోతుంది, కాబట్టి సరుకునూ దాని వాడకాన్నీ వేరువేరుగా అమ్మడం అన్యాయం అన్నాడు. డబ్బుతో మగ్గం కొనవచ్చు, బోరు వేయించవచ్చు, పెట్టుబడి ఫలిస్తుంది. ఆ సంగతి ఆ తరవాతి వేదాంతులే ఒప్పుకున్నారు. కానీ ఆయన వాదంలోని రెండో సగాన్ని ఎవరూ పట్టించుకోరు. వర్తకుడికో చేతివృత్తివాడికో పొత్తులో డబ్బిచ్చి, మునిగితే తానూ మునగడానికి సిద్ధపడ్డవాడు లాభంలో వాటా తీసుకోవచ్చు, అది వడ్డీ కాదు అన్నాడు. అంటే ఆయన చూసింది శాతాన్ని కాదు. నష్టం వస్తే అది ఎవరి నెత్తిన పడుతుందో చూశాడు.

మీ కార్యాలయంలో రోజుకు వెయ్యిసార్లు పలికే 'ఇంటరెస్ట్' అన్న మాటా ఆ కాలపు న్యాయశాస్త్రం నుంచి వచ్చిందే. సమయానికి డబ్బు రాక అప్పిచ్చినవాడు నష్టపోతే, ఆ తేడాను పూడ్చే పరిహారాన్ని లాటిన్‌లో 'ఇంటెరెస్సె' అన్నారు. నిజంగా జరిగిన నష్టానికి పరిహారం తీసుకోవచ్చు, అవసరంలో ఉన్న మనిషి మీద లాభం మాత్రం వద్దు. లాభానికి 'యూజూరా', పరిహారానికి 'ఇంటెరెస్సె'. కాలం గడిచేకొద్దీ రెండో పేరు మొదటి సరుకుకు ముసుగైంది.

ముసుగులు చాలానే పుట్టాయి. విదేశీ మారకపు హుండీలో వడ్డీని దాచారు. మూడు ఒప్పందాలు కలిపి కుట్టి, విడివిడిగా ప్రతిదీ ధర్మబద్ధమే అనిపించి, మొత్తంగా నికరమైన వడ్డీ తీసుకున్నారు. ప్రాసెసింగ్ ఫీజు, బీమా ప్రీమియం, ఫ్లాట్ రేటు చూసిన తెలుగు పాఠకులకు ఇదేమీ కొత్త విద్య కాదు. ఏడాదిలో నెలవాయిదాలుగా తీర్చే అప్పుకు '12 శాతం ఫ్లాట్' అంటే అసలు రేటు దాదాపు 22.

ఆ కాలపు భయం ఎంతటిదో తెలియాలంటే ఇటలీలోని పాదువా వెళ్లాలి. అక్కడ ఎన్రికో స్క్రొవెన్యి అనే ధనవంతుడు కట్టించిన చిన్న ప్రార్థనాలయం ఉంది. గోడల నిండా జొత్తో అనే చిత్రకారుడు వేసిన చిత్రాలు. 1305 ప్రాంతంలో పూర్తయ్యాయి. ఎన్రికో తండ్రి రెజినాల్దో పేరుమోసిన వడ్డీ వ్యాపారి. కవి డాంటే తన కావ్యంలో అతన్ని నరకంలో, మెడకు డబ్బుసంచితో కూర్చోబెట్టాడు. తండ్రి పాపానికి ప్రాయశ్చిత్తంగా కొడుకు ఈ గుడి కట్టించాడని చాలామంది నమ్మకం. తుది తీర్పు చిత్రంలో ఎన్రికో మోకరిల్లి ప్రార్థనాలయాన్ని కానుకగా ఇస్తుంటాడు. అదే గోడ మీద నరకంలో కొందరు తమ డబ్బుసంచుల తాళ్లకే ఉరి వేలాడుతుంటారు. డబ్బిచ్చి ఆ బొమ్మ గీయించుకున్నవాడి గుండెధైర్యం మెచ్చుకోవాలి. యూరప్ చిత్రకళను మలుపు తిప్పాయని చెప్పే గోడలకు వడ్డీ సొమ్ము పునాది.

ఈ సంప్రదాయానికి చీకటి ముఖమూ ఉంది. దాన్ని దాచి ఈ లేఖ రాయడం తప్పు. క్రైస్తవుడికి నిషేధించిన పనిని యూదుల మీదికి నెట్టారు. చాలాచోట్ల వాళ్లకు భూమి దక్కనివ్వలేదు, చేతివృత్తుల సంఘాల్లో చేరనివ్వలేదు. ఆనక వడ్డీ తింటున్నారని వాళ్లనే తిట్టారు, 1290లో ఇంగ్లండ్ నుంచి మొత్తంగా వెళ్లగొట్టారు. 15వ శతాబ్దంలో ఫ్రాన్సిస్కన్ సన్యాసులు పేదల కోసం కుదువ బ్యాంకులు పెట్టించే ఊపులో, ఫెల్త్రె ఊరి బెర్నార్దినో లాంటి బోధకులు యూదుద్వేషాన్ని కూడా దండిగా పంచారు. కేవలం నిషేధంతో ధర్మం రాదనీ, పాపం బలహీనుడి గుమ్మానికి బదిలీ అవుతుందంతేననీ ఆ చరిత్ర చూపిస్తుంది.

ఆ కుదువ బ్యాంకుల పేరు 'మోంతె దీ పియెతా', అంటే 'దయాపర్వతం'. 1462లో పెరూజాలో ఒకటి వెలిసింది. 1472లో సియెనాలో పుట్టిన అలాంటి సంస్థే ఇవాళ్టికీ బ్యాంకుగా నడుస్తోంది. పేదవాడు ఉంగరమో దుప్పటో పెట్టి చిన్న అప్పు తీసుకుంటాడు. గుమస్తా జీతం, గది అద్దె, కాపలా ఖర్చు గిట్టేలా కొద్దిశాతం కడతాడు. ఇది కూడా వడ్డీయేనని ఇతర సంఘాల సన్యాసులు కొందరు మండిపడ్డారు. ఒక అగస్తీనియన్ సన్యాసి ఈ 'దయాపర్వతానికి' నిర్దయాపర్వతమని పేరు పెట్టి పుస్తకమే రాశాడు. చివరికి 1515 మే 4న ఐదో లాటరన్ సభలో పదో లియో పోపు, నడిపే ఖర్చు మేరకు తీసుకోవడం తప్పు కాదని తేల్చాడు. ఈ పోపు ఎవరనుకున్నారు? ఫ్లోరెన్స్ బ్యాంకు వ్యాపారులైన మెదిచీ ఇంటి బిడ్డ. ఇంటివిద్య ఎక్కడికి పోతుంది!

ప్రొటెస్టెంటు వైపు జాన్ కాల్విన్ 1545లో ఒక మిత్రుడికి రాసిన లేఖలో వడ్డీని పూర్తిగా నిషేధించనక్కర్లేదని ఒప్పుకుని, షరతులు పెట్టాడు. అవసరంలో ఉన్న పేదవాడి దగ్గర తీసుకోకూడదు. అప్పు తీసుకున్నవాడు ఆ డబ్బుతో కనీసం వడ్డీకి సమానంగా, వీలైతే అంతకు మించి సంపాదించగలగాలి. కాల్విన్‌ను పెట్టుబడికి పచ్చజెండా ఊపినవాడిగా చూపించేవాళ్లు ఈ షరతులను చల్లగా మింగేస్తారు.

ఇక మద్రాసు దారి. అది జర్మనీలో మొదలవుతుంది.

ఫ్రెడరిక్ విల్హెల్మ్ రైఫైజెన్ 1818లో జర్మనీలో రైన్ ప్రాంతపు పల్లెలో పుట్టాడు. ప్రొటెస్టెంటు భక్తుడు. కంటిచూపు పాడై సైన్యం వదిలి, 1845లో వెయెర్‌బుష్ అనే చిన్న ఊరి మేయరయ్యాడు. మరుసటి చలికాలం కరువు. ఊళ్లో కలిగినవాళ్ల దగ్గర చందా పోగుచేసి, పొయ్యి కట్టించి, రొట్టె కాల్పించి పేదలకు అరువిచ్చాడు. ఇంకో ఊరికి మారాక, 1849లో, అరవైమంది ధనవంతుల హామీతో రైతులకు పశువులు కొనిపెట్టే సంఘం పెట్టాడు. వడ్డీకి పశువులిచ్చే దళారులే అప్పట్లో రైతు మెడకు ఉరి. సంఘం పనిచేసింది, కానీ నిలవలేదు. ధనవంతుల దయకు ఆయుష్షు తక్కువ. దానం చేసే చేయి అలసిపోతుంది, తీసుకునే చేయి సిగ్గుపడుతుంది. ఈ పాఠం నేర్చుకోవడానికి భక్తిపరుడైన ఆ మనిషికి పదిహేనేళ్లు పట్టింది.

1864లో హెడ్డెస్‌డార్ఫ్‌లో పెట్టిన పరపతి సంఘంలో మొత్తం తిరగేశాడు. అప్పు కావాలంటే సభ్యుడు కావాలి. సంఘం ఒక్క చర్చి పరిధికి మించదు, అంటే అందరూ ఒకరినొకరు ఎరిగినవాళ్లే. నిర్వాహకులకు జీతం లేదు. లాభం పంచుకోరు, అది విడదీయరాని నిధిగా పోగవుతుంది. అన్నిటికంటే ముఖ్యం, సంఘం అప్పులకు ప్రతి సభ్యుడూ తన యావదాస్తితో బాధ్యుడు. పక్కింటివాడు ఎగ్గొడితే నా పొలం పోతుంది. అందుకే పక్కింటివాడికి ఎంత ఇవ్వాలో, ఎందుకివ్వాలో, పంట పోతే ఎన్నాళ్లు ఆగాలో నేనే ఓటేసి తేలుస్తాను. అక్వినాస్ చెప్పిన పొత్తు ఊరంతటికీ పరిచినట్టు. (రైఫైజెన్ రాతల్లోనూ యూదుద్వేషపు మరకలున్నాయి, అదీ చెప్పుకోవాలి.)

1892లో మద్రాసు ప్రభుత్వం రైతుల అప్పుల సంగతి చూడమని ఫ్రెడరిక్ నికల్సన్ అనే ఐసీఎస్ అధికారిని నియమించింది. అప్పుడు కోస్తా, రాయలసీమ జిల్లాలన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్నాయి. ఆయన 1895లో, 1897లో రెండు భారీ సంపుటాల నివేదిక ఇచ్చి, సారాన్ని రెండు మాటల్లో చెప్పాడు: 'రైఫైజెన్‌ను వెతకండి' అని. ఊరి మధ్య నుంచి లేచే మనిషి కావాలని ఆయన అర్థం. 1904లో దేశానికి సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. పల్లె సంఘాలకు రైఫైజెన్ బాధ్యత సూత్రాన్ని తీసుకున్నారు, కానీ పెత్తనం రిజిస్ట్రారు చేతికిచ్చారు. రైఫైజెన్ దొరకలేదు, డిపార్టుమెంటు దొరికింది. 'సొసైటీ' అనగానే తెలుగు రైతుకు ఎరువుల బస్తాలూ, ఎన్నికల పోరూ, 'పర్సన్ ఇన్‌ఛార్జి' అనే పదవీ గుర్తుకు రావడం ఆ తరవాతి కథ. 1995లో ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం చేసి ఆ పెత్తనాన్ని కొంత తగ్గించింది. దేశంలో అలాంటి చట్టం అదే మొదటిది.

2010 నాటి సూక్ష్మరుణ సంక్షోభం గురించి మీకు చెప్పనక్కర్లేదు. ఆగస్టులో హైదరాబాదులోని ఒక సూక్ష్మరుణ సంస్థ షేరు మార్కెట్లో అడుగుపెట్టింది. అక్టోబరు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, వసూళ్ల వేధింపుల మీద, ఆత్మహత్యల వార్తల మీద గగ్గోలు పుట్టాక, ఆర్డినెన్సు తెచ్చింది. మరుసటి ఏడాది రిజర్వు బ్యాంకు వడ్డీకి 26 శాతం పరిమితి పెట్టింది. వడ్డీ ఎక్కువని అందరూ అన్నారు, నిజమే. కానీ అసలు లోపం ఇంకోచోట ఉంది. ఐదుగురు ఆడవాళ్లను గుంపు కట్టించి, ఒకరికొకరిని హామీ పెట్టించి, వారంవారం వాయిదా కట్టించారు. రైఫైజెన్ సంఘంలోని ఉమ్మడి బాధ్యత చెక్కుచెదరకుండా ఉంది. ఉమ్మడి యాజమాన్యాన్ని మాత్రం కోసేశారు. పక్కింటామె కట్టకపోతే ఆమె గుమ్మం ముందు కూర్చోవలసింది వీళ్లే. సంస్థలో ఓటు వీళ్లకు లేదు, లాభంలో పైసా లేదు.

దీన్ని మన పొదుపు సంఘంతో పోల్చి చూడండి. డ్వాక్రా మహిళలు తమ పొదుపు నుంచి తమలో తాము నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇచ్చుకుంటారనుకుందాం. ఏడాదికి 24 శాతం. అంకెలో ఇది సూక్ష్మరుణ సంస్థకేమీ తీసిపోదు. కానీ ఆ వడ్డీ తిరిగి వాళ్ల పెట్టెలోకే వస్తుంది. ఎవరింట్లో చావు జరిగితే ఆ నెల వాయిదా ఆపాలా వద్దా అన్నది వాళ్లే కూర్చుని తేల్చుకుంటారు. ఒకే అంకె ఒకచోట ధర్మవడ్డీ, మరోచోట 'నెషెక్'. అందుకే శాతం ఎంత పెట్టాలని ఈ లేఖ మిమ్మల్ని అడగడం లేదు.

సంస్థల వాదనలో బలం ఉన్న చోటు ఉంది. ముప్పైవేల అప్పుకూ మూడు లక్షల అప్పుకూ తిరిగే తిరుగుడు ఒకటే, మనిషి జీతం ఒకటే. చిన్న అప్పుకు ఖర్చు నిష్పత్తి పెరుగుతుంది. 1515లో లాటరన్ సభే ఆ ఖర్చును ఒప్పుకుంది, మనమూ ఒప్పుకుందాం. డబ్బు తెచ్చుకున్న ధరనూ ఒప్పుకుందాం. మిగిలింది నష్టభయం. ఎగవేతలుంటాయని వడ్డీలో కొంత కలుపుతారు. అదే భయానికి గుంపు హామీ తీసుకుంటారు. అదే భయానికి బీమా ప్రీమియం అప్పు తీసుకున్న మనిషి చేతే కట్టిస్తారు. ఒక్క నష్టానికి మూడు వసూళ్లు, తీరా నష్టం వచ్చినప్పుడు సంస్థ వంతు అడుగున ఎక్కడో. మోయని బరువుకు కూలి తీసుకోవడం: పదమూడో శతాబ్దం నుంచి ఈ సంప్రదాయం 'యూజూరా' అని వేలెత్తి చూపిన వాటిలో ఇదొకటి.

కాబట్టి ఆ మాటకు అర్థం మీరు ఇలా రాయించవచ్చు: ఖర్చుకు తీసుకోవచ్చు, నిజంగా మోసిన నష్టభయానికి తీసుకోవచ్చు, ఇతరుల మీదికి నెట్టేసిన నష్టభయానికి తీసుకోరాదు. అప్పిచ్చే ముందు చేతికివ్వాలని మీ నిబంధనలు చెబుతున్న వివరాల పత్రంలో ఇంకొక్క వరుస చేరిస్తే చాలు: 'పంట పోతే, సంపాదించే మనిషి పోతే, ఈ అప్పులో సంస్థ భరించేది ఇంత.' ఆ ఖాళీలో సున్నా రాసే సంస్థ వడ్డీలో నష్టభయం వాటా ఎంత కలిపిందో మీ తనిఖీ అధికారులు అడగవచ్చు. దానికి కొత్త చట్టం అక్కర్లేదు.

ఇంకొక సంగతి. ఆ పత్రం అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలని మీ నిబంధనే అంటోంది. గుంటూరులోనో కరీంనగర్‌లోనో అది తెలుగులోకి వస్తుంది. అక్కడ మీ నిబంధనలోని 'యూజూరియస్'ను కూడా చెప్పాలంటే అనువాదకుడు కచ్చితంగా ఆగుతాడు. 'అధిక' అని రాస్తే అంకె దగ్గరే ఆగిపోతుంది, 'అధర్మ' అని రాస్తే న్యాయశాఖ ఒప్పుకోకపోవచ్చు. అక్కడ ఏ మాట వేయిస్తారో మీరు చెబితే, మంగళవారం వాయిదాల మీటింగుకు వచ్చే ఆడవాళ్లకు చదివి వినిపించడానికి తయారుగా ఉన్నవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు.

ఇట్లు,
మీ సంతకం ఉన్న నోట్లు వాడే ఒక పౌరుడు